గడప బయటి ఆదివారాలు

సిస్టరమ్మ పోయిందన్న కబురు నాకు ఫోన్‌లో అందింది. అప్పుడు దుకాణం ముందు సిమెంటు లారీ దిగుతున్నది. బస్తాల చప్పుడులో మొదటి మాట వినపడలేదు. రోడ్డు మీదికి వచ్చి, రెండో చెవి మూసుకొని "ఎవరూ?" అన్నాను.

"అన్నా, నేను సిస్టరమ్మ చెల్లె బిడ్డను. హుజూరాబాద్. పెద్దమ్మ లేదన్నా. గిప్పుడే..."

తర్వాత కాసేపు ఏడుపు. వెనక మంచిర్యాల దవాఖానలో ఎవరో ఎవరినో పిలుస్తున్న కేక. నేను ఫోన్ చెవికి ఆనించుకొని నిలబడ్డాను. ఇలాంటప్పుడు ఏం అనాలో నాకు ఎప్పుడూ తెలియదు. చివరికి ఆ అమ్మాయే అడిగింది.

"సేమ్యా తిన్నదా అన్నా? రాత్రి పెద్దమ్మ మల్ల మల్ల గదే అడిగింది."

"తిన్నదమ్మా," అన్నాను.

తినలేదు. సేమ్యా సిస్టరమ్మ పెంచుకున్న చిన్న కుక్క. దవాఖానకు పోతూ ఆమె దాన్ని నా దగ్గర విడిచిపెట్టింది. "ఆదివారం వరకు వస్త తమ్మీ. వాంకిడి పోదాం, రొట్టె తిందాం," అని ఆటో ఎక్కింది. అన్న మాట ప్రకారం ఆదివారానికి ముందే వచ్చింది. కాని తెల్ల బండిలో పండుకొని వచ్చింది.

ఆమె గురించి రాయమని నన్నెవరూ అడగలేదు. సిమెంటు దుకాణంలో చిట్టా రాసే మున్షీని నేను. బడికి పోయింది తక్కువ. పొట్లాలు కట్టిన పేపర్లు చదివి అక్షరాలు నేర్చుకున్నాను. అయినా రాస్తున్నాను. చదివేవాళ్ళకు ఒక సంగతి ముందే చెప్పాలి. ఆమెను సమాధి చేసిన రోజు నుంచి నా మనసులో ఒకటే కోరిక ఉండింది. సేమ్యా నా దగ్గరే ఉండాలి. అడగడానికి నాకు హక్కుందో లేదో తెలియలేదు. నేను ఆమెకు చుట్టాన్ని కాను, ఆమె చర్చి సంఘంలోవాణ్ణి కాను. కాగజ్‌నగర్‌లో ఆమె ఎదురింటి వాణ్ణి, అంతే.

మా గల్లీలో ఆమెను పేరు పెట్టి పిలిచినవాళ్ళు లేరు. నర్సుగా చేసి రిటైరయింది. ఆ తర్వాత కూడా ఎవరికి సూది వేయాలన్నా ఆమె తలుపే కొట్టేవాళ్ళు. సూది చేతిలోకి తీసుకొని, "నీ పెండ్లిల ఏం కూర వండిన్రు?" అని అడిగేది. మనిషి ఆ కూర గుర్తు చేసుకునేలోపు సూది దిగేది, బయటికి కూడా వచ్చేది. "నొప్పి సూదిల ఉండదు. సూదిని సూసుకుంట కూసునుట్ల ఉంటది," అనేది.

భర్త కాగితం మిల్లులో పనిచేసేవాడు. మిల్లు బందయ్యేదాకా ఉండకుండానే పోయాడు. పిల్లలు లేరు. చెల్లెలు కూడా ముందే పోతే, చెల్లె బిడ్డను కొన్నేళ్ళు ఇక్కడే పెట్టుకొని పెంచింది. ఆ అమ్మాయి పెళ్ళయి హుజూరాబాద్ పోయాక సిస్టరమ్మ ఇంట్లో ఒక్క మనిషి, ఒక్క గోడ గడియారం.

మిల్లు బందయిన రోజుల్లో కాలనీ నుంచి చాలా కుటుంబాలు ఊరు విడిచిపోయాయి. బీరువాలు లారీలెక్కాయి, పూలకుండీలు కూడా ఎక్కాయి. కొన్ని కుక్కలు ఎక్కలేదు. తాళం పడిన ఒక క్వార్టరు గేటు ముందు ఒక బుడ్డ కుక్క కూర్చొని, వచ్చే ప్రతి బండి వైపూ చూస్తుండేదట. ఒళ్ళంతా ఉడికిన సేమ్యాలాంటి వంకర వెంట్రుకలు. సిస్టరమ్మ దాన్ని కొంగులో చుట్టి ఇంటికి తెచ్చింది. పాలు పోసింది, గుడ్డు ఉడకబెట్టింది, బొక్కలు తెచ్చింది. అది దేన్నీ ముట్టలేదు.

ఒకరోజు కూరగాయలకు పోతూ దాన్ని కూడా చంకన పెట్టుకొని పోయింది. స్టేషన్ రోడ్డులో పొద్దున్నే పోహా అమ్మే హోటల్ ఉంది. మా వైపు మరాఠీ ఇండ్లల్లో అటుకులను నానబెట్టి పోపు వేసి చేసే పోహానే అందరికీ పొద్దుటి తిండి. ఆ హోటల్ ముందు దించగానే ఎవరో పారేసిన ఆకులో మిగిలింది గబగబా తిన్నదట. అదే పోహా పొట్లం కట్టించి ఇంటికి తెచ్చి పెడితే మాత్రం మూతి తిప్పుకున్నది.

ఆ సాయంత్రం ఆమె నా కిటికీ దగ్గరికి వచ్చి నిలబడింది. నేను మెస్సు నుంచి వచ్చిన క్యారేజీ విప్పుకొని కూర్చున్నాను.

"గీ కుక్కకు కావాల్సింది తిండి కాదు తమ్మీ," అన్నది. "పదిమంది కావాలె. నడుమ కూసుంటెనే తింటది. నాకు సుత గంతే. ఒక్కదాన్నే కూసుంటే బువ్వ గొంతు దిగది."

నా క్యారేజీని చూసింది, నన్ను చూసింది. వెళ్ళిపోయింది. అప్పటికి నా ఇల్లాలు పోయి చాలాకాలం అయింది. తిండి అంటే కడుపులోకి వేసి గిన్నె కడిగే పని అనుకునేవాణ్ణి.

తర్వాతి ఆదివారం చర్చి నుంచి వచ్చి, గల్లీ మొగదల ఒక ఆటో డ్రైవరుతో కొట్లాడుతున్నది. అతను కుక్కను ఎక్కించుకోనంటున్నాడు. "నీ సీటు ఖరాబైతే నేను కడుగుత," అంటున్నది ఆమె. "నువ్వు కడిగినా వాసన పోదు సిస్టరమ్మా," అంటున్నాడు అతను. నేను స్కూటర్ తుడుచుకుంటున్నాను. ఆమె చూపు ఆటో మీది నుంచి నా స్కూటర్ మీదికి వచ్చింది.

"తమ్మీ, నీ బండికి ముంగట జాగ ఉన్నది కద?"

నేను తల ఊపాను. అంతే మా ఒప్పందం. సేమ్యా నా కాళ్ళ మధ్య ముందు కాళ్ళు ఎత్తి నిలబడేది, చెవులు గాలికి వెనక్కి పడేవి. సిస్టరమ్మ వెనక ఒక పక్కకు తిరిగి కూర్చొని, ఒక చేత్తో సీటు కడ్డీ, ఒక చేత్తో నీళ్ళ సీసా ఉన్న సంచి పట్టుకునేది. నా భుజం మీద ఎన్నడూ చెయ్యి వేయలేదు.

మొదటి రోజే పాన్ డబ్బా దగ్గర ఒకడు కేకేశాడు. "ఏం మున్షీ సాబ్! ఆదివారం జోరుమీదున్నవు!"

నా చెవులు కాలిపోయాయి. బండి ఆపాలో పోనివ్వాలో తెలియలేదు. వెనక నుంచి ఆమే జవాబిచ్చింది.

"ఔ బిడ్డా, కుక్కను తినవెట్టనీకి తీస్కపోతున్నం. నువ్వు సుత వస్తవా? ముంగట జాగ లేదు, ఎనుక ఉరికిరా."

డబ్బా దగ్గర ఉన్నవాళ్ళంతా నవ్వారు. ఆ తర్వాత అతను మమ్మల్ని చూసినప్పుడల్లా, "సేమ్యా మేడం ఎటు పోతున్నరు?" అని కుక్కనే అడిగేవాడు. ఊరు మా ఇద్దరి వైపు చూడటం మాని కుక్క వైపు చూడటం మొదలుపెట్టింది. ఒంటరి ఆడమనిషి, ఒంటరి మగమనిషి కలిసి హోటల్‌కు పోతే నాలుగు మాటలు పుడతాయి. కుక్కను తిప్పడానికి పోతే ఒక్క మాటా పుట్టదు. సిస్టరమ్మకు ఇది తెలుసునని నాకు తెలుసు. మేము ఆ సంగతి ఎన్నడూ మాట్లాడుకోలేదు.

పోహా హోటల్ యజమాని మాత్రం మొదట అడ్డం పడ్డాడు. మరాఠీ మనిషి, నెత్తిన తెల్ల టోపీ.

"తాయీ, కుత్తా లోపల నక్కో, వద్దు. గిరాకి పోతది నాది."

"నీ లోపలికి ఎవరొస్తున్నరు? మేం గడప అవుతల కూసుంటం."

"గడప అవుతల సుత నా హోటలే తాయీ."

"గడప అవుతల మున్సిపాలిటీది. రమ్మను మున్సిపాలిటీని, గాయనకు సుత ఒక ప్లేట్ చెప్త."

అతను నవ్వు ఆపుకోలేకపోయాడు. రెండు టమాటా డబ్బాలు బోర్లించి, వాటి మీద పొడుగు చెక్క ఒకటి వేశాడు. ఆ కొసన ఆమె, ఈ కొసన నేను, నడుమ సేమ్యా. ముగ్గురం రోడ్డు వైపు తిరిగి కూర్చునేవాళ్ళం. కొన్నాళ్ళకు అతనే మారిపోయాడు. ఉల్లిగడ్డ కుక్కలకు పడదని సిస్టరమ్మ చెప్పిందని, కడాయిలో ఉల్లిగడ్డలు పడకముందే పిడికెడు అటుకులు తీసి పక్కన పెట్టేవాడు. "మేడం ప్లేట్ తయార్!" అని కేకేసేవాడు. లోపల కూర్చున్నవాళ్ళు సిస్టరమ్మను మేడం అంటున్నాడనుకునేవాళ్ళు.

తినే ముందు ఆమె కళ్ళు మూసుకునేది. ఎదురుగా లారీ హారన్ మోగుతున్నా, ఎవరో ఆకు కోసం మీద పడుతున్నా సరే. ప్రార్థన చిన్నదే. "తండ్రీ, పెట్టినవు, సంతోషం. ఇంక నువ్వు పెట్టనోళ్ళున్నరు, మర్వకు." అంతే. ఆ కాసేపు నేను కూడా తినకుండా చెయ్యి ఆపుకునేవాణ్ణి. నాకు ఆ దేవుడు తెలియడు. కాని ఆ మాటలో కాదనవలసింది ఏమీ కనిపించలేదు.

పోహా ఒక్కటే కాదు. ఆసిఫాబాద్ రోడ్డులో సాయంత్రం మిర్చి బండికి పోయేవాళ్ళం. సిస్టరమ్మ మిర్చిని తోక పట్టుకొని, రెండు వేళ్ళతో పిండి తొడుగును చెక్కు చెదరకుండా జారదీసేది. తొడుగును సీసా నీళ్ళతో కడిగి సేమ్యాకు, లోపలి మిరపకాయ తనకు. "అంగీ దానిది, మనిషి నాది," అనేది. కళ్ళల్లో నీళ్ళు కారుతుంటే కూడా ఇంకొకటి అడిగేది. వాంకిడిలో ఒక ముసలవ్వ చేసే జొన్నరొట్టె, శెనగపిండిని కూరలా ఉడికించే పిట్ల ఆమెకు ఎంతో ఇష్టం. రొట్టె కాలుతున్నంతసేపూ అవ్వ పక్కన కూర్చొని ఆమె మోకాళ్ళ నొప్పుల సంగతి అడిగేది. సేమ్యా పొయ్యి వెచ్చదనానికి ఒరిగి నిద్రపోయేది.

వానాకాలంలో ఒకసారి ఆ దారిలో తడిసి ముద్దయ్యాం. ఒక రేకుల కొట్టం కింద ఆగాం. అక్కడ చాయ్ తప్ప ఏమీ లేదు. చాయ్ తాగుతుంటే నాకు నా ఇల్లాలు గుర్తొచ్చింది. ఆమె చాయ్‌లో సొంఠి వేసేది. ఆ మాట గొంతు దాకా వచ్చి ఆగింది. సిస్టరమ్మ నా వైపు తిరగలేదు.

"తొవ్వ సూసుకుంట చెప్పు తమ్మీ," అన్నది. "మొకాలు మొకాలు సూసుకుంటే బరువు. తొవ్వ సూసుకుంట చెప్తే అల్కగ ఉంటది."

వాన పడుతున్న రోడ్డును చూస్తూ చెప్పాను. సొంఠి సంగతి, ఆమెకు వచ్చిన జ్వరం సంగతి, నేను ఇంటికి ఆలస్యంగా చేరిన సంగతి. అయిపోయాక సిస్టరమ్మ గ్లాసు కింద పెట్టి, "ఇంకో చాయ్ తాగుదాం. గిసొంటివి చెప్పినంక ఆకలైతది," అన్నది.

ఇన్నేళ్ళలో నేను ఆమె ఇంటి గడప దాటలేదు. ఆమె నా గడప దాటలేదు. క్రిస్మస్‌కు కేకూ గారెలూ పెట్టిస్తే అరుగు మీద కూర్చొని తిని, చెయ్యి కడుక్కొని వచ్చేవాణ్ణి. గల్లీకి కళ్ళున్నాయని నా భయం. ఆమె కూడా ఎన్నడూ లోపలికి రమ్మనలేదు. నా భయం ఆమెకు తెలుసు.

ఆ అలవాటే నన్ను చివరికి ఇరుకున పెట్టింది.

సమాధి కార్యక్రమం అయిన కొద్ది రోజులకు ఆమె ఇంట్లో ఆదరణ కూడిక పెట్టారు. పాటలు పాడారు, వాక్యం చదివారు. ఒక్కొక్కరే లేచి ఆమె తమకు చేసిన మేలు చెప్పారు. పురుళ్ళు, జ్వరాలు, అర్ధరాత్రి వేసిన సూదులు. నేను వాకిట్లో సేమ్యా తాడు పట్టుకొని నిలబడి విన్నాను. ఎవరో పక్కనున్నవాళ్ళను, "ఈయన ఎవరు?" అని అడిగారు. "కుక్కను తిప్పేటాయన," అని చెప్పారు. తప్పేమీ కాదు.

తర్వాత భోజనాలు. బయట తుంపర పడుతుండటంతో అందరూ లోపల బంతి కట్టి కూర్చున్నారు. సంఘ పెద్దాయన నన్ను చూసి, "రాండ్రి మున్షీ సాబ్, కూసోండ్రి," అని చోటు చూపించాడు. గడప లోపలికి చెయ్యి చాపి పళ్ళెం అందుకున్నాను. అందుకొని, ఏమీ ఆలోచించకుండా, అరుగు మీదికి వచ్చి, రోడ్డు వైపు తిరిగి కూర్చున్నాను. సేమ్యా వచ్చి పక్కన కూర్చున్నది. లోపల మాటలు ఆగిపోయిన సంగతి నాకు కాసేపటికి గాని తెలియలేదు.

పెద్దాయన గడప దగ్గరికి వచ్చాడు. గొంతు మెత్తగానే ఉంది. "మా ఇంట్ల కూసుంటే మైల అంటుతదా సాబ్?"

మా ఊళ్ళో ఈ మాటకు వెనక ఎంత పాత లెక్క ఉందో విప్పి చెప్పనక్కర లేదు. కొన్ని ఇండ్లల్లో తినేవాళ్ళున్నారు, తిననివాళ్ళున్నారు. పిలిస్తే వచ్చి, అన్నం తీసుకొని, గడప బయట కూర్చునేవాళ్ళున్నారు. మా కులంలో అలాంటివాళ్ళను నేను చూశాను. ఆ గల్లీ అంతా ఇప్పుడు నన్ను వాళ్ళలో ఒకడిగా చూస్తున్నది.

"లేదు లేదు. ఈడ మంచిగనే ఉన్నది," అన్నాను. ఇంతకంటే చెడ్డ జవాబు ఇంకొకటి ఉండదు. పెద్దాయన లోపలికి పోయాడు. ఆయన భుజం పక్క నుంచి చెల్లె బిడ్డ మొహం కనిపించింది. తినకపోతే అది ఇంకో అవమానం అవుతుందని మొత్తం తిన్నాను. సేమ్యా ఏమీ ముట్టలేదు.

రెండు రోజులు నేను ఎదురింటి వైపు చూడలేదు. ఆ అమ్మాయి ఇల్లు సర్దుతున్నది, గిన్నెల చప్పుడు వినపడుతున్నది. సేమ్యాను తనే తీసుకుపోయి లోపల కట్టుకున్నది. మర్నాడు బస్సుకు పోతుందని పాలాయన చెప్పాడు. ఇప్పుడు అడగకపోతే ఇక అడిగేది లేదని, మధ్యాహ్నం దుకాణం నుంచి వచ్చి నేరుగా వాళ్ళ గడప ముందు నిలబడ్డాను.

ఆమె ట్రంకు పెట్టె ముందు కూర్చొని దుప్పట్లు మడుస్తున్నది.

"అమ్మా, ఒక మాట."

"చెప్పన్నా."

"సేమ్యా... మీకు తకలీఫ్ లేకుంటే... నా దగ్గర్నే ఉంటది."

మడత పెడుతున్న చేతులు ఆగాయి. తల ఎత్తకుండానే అన్నది.

"మా ఇంట్ల నలుగురితోని కూసొని బుక్కెడు బువ్వ తినుడు నీకు శాతకాలే. మా పెద్దమ్మ కుక్క ఎందుకన్నా నీకు?"

దుప్పటి ట్రంకులో పడేసింది.

"సంఘం పెద్దాయన జాగ సూపెడితే పళ్ళెం పట్టుకొని అరుగు మీదికి పోయినవు. గల్లీ మొత్తం సూసింది. ఫోన్ చేసినప్పుడల్లా పెద్దమ్మ మా తమ్మి, మా తమ్మి అనేది. గీయననా ఆ తమ్మి, అనుకున్న."

వెళ్ళిపోదామనిపించింది. ఎప్పుడూ చేసేది అదే. కాని సేమ్యా మంచం కోడుకు కట్టి ఉంది. నన్ను చూసి లేచి నిలబడింది. నేను రోడ్డు వైపు తిరిగాను. తిరిగి, గడప పక్క గోడకు ఆనుకొని, రోడ్డును చూస్తూ చెప్పాను.

"మీ పెద్దమ్మతోని ఎన్నడు తిన్నా గడప అవుతలనే తిన్న తల్లీ. హోటల్ కాడ అవుతలనే. బండి కాడ అవుతలనే. క్రిస్మస్‌కు గీ అరుగు మీదనే. కుక్కను లోపలికి రానియ్యరు కద. మొన్న చేతిల పళ్ళెం పడంగనే కాళ్ళు అటే పోయినయి. ఇంకేం లేదు."

వెనక ఆమె గొంతు దగ్గరగా వినపడింది. లేచి గడప దాకా వచ్చింది.

"ఇన్నేండ్లు ఎదురుంగ ఉండి, ఒక్కసారి సుత లోపలికి రాలేదా?"

"రాలేదు."

"ఎందుకు?"

"ఆమె ఒక్కతి. నేను ఒక్కణ్ణి. గల్లీ ఏమంటదో అని."

ఆమె నవ్విందో ఏడ్చిందో నేను చూడలేదు. "గల్లీకి భయపడి నువ్వు అవుతల కూసుంటివి," అన్నది. "గల్లీ ఇంకోటి అనుకున్నది. రా అన్నా. కాళ్ళు కడుక్కో. ఇయ్యాల లోపల కూసో."

సిస్టరమ్మ ఇంట్లోకి నేను మొదటిసారి అలా పోయాను, ఆమె లేని ఇంట్లోకి. సగం సామాను మూటలు కట్టి ఉంది. వంటింట్లో ఒక పీట మీద ఆ అమ్మాయి, ఒక పీట మీద నేను. అన్నం, పప్పుచారు, ఎల్లిపాయ కారం. ఎదురెదురుగా కూర్చున్నాం. తినేటప్పుడు ఆ అమ్మాయి కనుబొమలు కొంచెం పైకి లేస్తున్నాయి, రుచిని ఎవరినో అడిగి తెలుసుకుంటున్నట్టు. ఇది సిస్టరమ్మ పోలికేనా అని ఆలోచించాను. తెలియలేదు. ఇన్నేళ్ళు పక్కపక్కన కూర్చొని ఇద్దరం రోడ్డునే చూశాం. ఆమె చేతులు తెలుసు, గాజులు లేని మణికట్టు తెలుసు, చెప్పుల అంచు అరిగిన తీరు తెలుసు. తినేటప్పుడు ఆమె మొహం ఎలా ఉండేదో నాకు తెలియదు. ఇక తెలిసే దారి లేదు.

మా మధ్య చప్పుడు వినపడింది. సేమ్యా తన గిన్నెలో అన్నం తింటున్నది. ఆ ఇంట్లో అది తినడం ఆ అమ్మాయి చూడనేలేదట. చెయ్యి పళ్ళెంలోనే ఆపి చూసింది.

"రెండు దినాల సంది బతిమిలాడుతున్న అన్నా. ముట్టలే."

"నువ్వు తిన్నవా?"

ఆమె పళ్ళెంలో అన్నం కలిపింది.

"లేదు. ఎవరి కోసం వండుకోవాలె? ఆయన మస్కట్ల ఉన్నడు. హుజూరాబాద్ల సుత గంతే. పొద్దున బడికి పోత, పిల్లలకు పాఠం చెప్త, మల్లొస్త. రాత్రి ఒక్కదాన్నే. బిస్కెట్ తిని పంట. పెద్దమ్మ ఫోన్ చేసి తిన్నవా అంటే తిన్న అని అబద్ధం చెప్పేదాన్ని." కుక్కను చూస్తూనే అన్నది. "దీన్ని తీస్కపోదామనుకున్న. దీనికి తినవెట్టనీకైనా బయటికి పోత కద, నలుగురిల కూసుంట కద అని. కాని నువ్వు అడిగినవు."

అడిగిన మాట నాదే. ఇచ్చేదాకా అడుగుతూ కూర్చునే వీలు కూడా ఉండింది. సేమ్యా గిన్నె నాకి, ఆమె మోకాలి పక్కన చేరి, గడ్డం కింద పెట్టుకొని పండుకున్నది. కిటికీ దగ్గర క్యారేజీ విప్పుకొని కూర్చున్న ఒక మనిషిని సిస్టరమ్మ ఎలా చూసిందో ఆ కుక్కకు తెలియదు. నాకు తెలుసు.

"తీస్కపో తల్లీ," అన్నాను.

"మరి నువ్వు?"

"నాకు దుకాణం ఉన్నది. పొద్దుపోతది."

తర్వాత, నేను ఎన్నడూ మాట్లాడనంత మాట్లాడాను. ఉల్లిగడ్డ పెట్టొద్దు, కడుపు కరాబయితది. మిర్చి బజ్జీ పెడితే పిండి తొడుగు కడిగి పెట్టు. జిలేబీ కోసం చూస్తది, ఆశ పెట్టకు. హోటల్‌వాడు లోపలికి వద్దంటే కొట్లాడకు, గడప అవుతల చోటు అడుగు. బస్సులో సంచిలో కూర్చోబెట్టి మొహం బయటికి ఉంచు, లేకపోతే అరుస్తది. చలికాలంలో పొయ్యి పక్కన...

ఆ అమ్మాయి నోటికి కొంగు అడ్డం పెట్టుకొని వింటున్నది. "అన్నా," అన్నది చివరికి. "మా తమ్మికి నోట్ల బెల్లపుగడ్డ ఉన్నది, కరుగది అనేది పెద్దమ్మ. నువ్వు ఇంత మాట్లాడుతవా?"

మర్నాడు బస్టాండుకు స్కూటర్ మీద నేనే దించాను. సేమ్యా ఎప్పటిలా ముందు నిలబడింది. పాన్ డబ్బా దగ్గర అతను లేచి నిలబడ్డాడు గాని ఏమీ అనలేదు. బస్సు కదిలినప్పుడు సంచిలో నుంచి తెల్లటి వెంట్రుకల తల ఒక్కటే కనిపించింది. అది నా వైపు చూడలేదు. కండక్టర్ చేతిలోని సమోసా పొట్లం వైపు చూస్తున్నది. సిస్టరమ్మ ఉంటే ఎంత నవ్వేదో.

నాలుగు రోజులకు ఫోన్ వచ్చింది. "బస్టాండు కాడ దోశ బండికి పోయినం అన్నా. సగం దోశ తిన్నది. మిగిలింది నేను తిన్న. బండామె పక్కకు స్టూలు ఏసింది మాకు."

"మంచిది తల్లీ," అన్నాను. ఫోన్ పెట్టేశాక ఇంకో మాట అనవలసింది అనుకున్నాను. ఏ మాటో ఇప్పటికీ తోచలేదు.

సిస్టరమ్మ నాకు ఏం చేసిందని అడిగితే పెద్దగా చెప్పలేను. నాకు పురుడు పోయలేదు, ప్రాణం కాపాడలేదు. ఒక్క సూది కూడా వేయలేదు. కూడికలో లేచి చెప్పడానికి నా దగ్గర ఏమీ లేకపోయింది. ఆదివారాలు నన్ను బయట కూర్చోబెట్టి తినిపించింది, అంతే.

మొన్న ఆదివారం పొద్దున స్కూటర్ తీశాను. కాళ్ళ మధ్య చోటు ఖాళీగా ఉంటే బ్రేకు తొక్కడం కూడా కొత్తగా ఉంది. స్టేషన్ రోడ్డులో పోహా హోటల్ ముందు ఆపాను. టోపీ ఆయన నన్ను చూసి, గరిటె పట్టుకొనే బయటికి వచ్చాడు. నా వెనక చూశాడు, కింద చూశాడు.

"అందర్ ఆవో మున్షీ సాబ్. లోపల ఫ్యాన్ ఉన్నది," అన్నాడు.

"బయటనే కూసుంట."

అతను మళ్ళీ అడగలేదు. పళ్ళెం తెచ్చి ఇచ్చాడు. నేను చెక్క మీద నా కొసన కూర్చున్నాను. కూర్చోగానే అవతలి ఖాళీ కొస గాలిలోకి లేచింది. పళ్ళెం జారబోయింది, పట్టుకొని లేచి నిలబడ్డాను. ఇన్నేళ్ళు రెండు కొసలా ఇద్దరం ఉన్నందుకే అది నిలబడిందని అప్పుడు తెలిసింది.

"అరే, సంభాళ్, పడ్తవు!" అన్నాడు టోపీ ఆయన. "నడుమ కూసో సాబ్, నడుమ."

నడుమకు జరిగాను. చెక్క కుదురుకున్నది. రైలు అప్పుడే వచ్చినట్టుంది, స్టేషన్ వైపు నుంచి మనుషులు సంచులతో వస్తున్నారు. పళ్ళెం ఒళ్ళో పెట్టుకొని వాళ్ళను చూస్తూ తిన్నాను. నాకు రెండు పక్కలా చోటు ఉంది.